ఓడ సినిమా మూడో భాగం

విన్నిపెగ్,
మార్చి 9.

చి.సౌ. వర్షకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను, నీ తమ్ముడు, కోడలు కులాసా. విన్నిపెగ్‌లో మార్చి నెలలో కులాసా అంటే మంచు మీద జారి ఎవరమూ నడుం విరగ్గొట్టుకోలేదని అర్థం. మీ వాంకూవర్‌లో వాన తప్ప మరో బాధ లేదు కాబట్టి నువ్వు, అల్లుడు, అమ్ములు కూడా బాగానే ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం గురువారం అందింది. ముప్పై నాలుగేళ్లు రైల్వే మెయిల్‌లో ఊరందరి ఉత్తరాలూ విడదీసినవాణ్ణి. నా పేరు మీద ఒకటి వస్తే ఇప్పటికీ చేతులు కడుక్కుని మరీ విప్పుతాను. ఈసారి మాత్రం విప్పాక కాస్త భయమేసింది. నీకు కోపం వస్తే అక్షరాలు ఒక పక్కకు ఒరుగుతాయి. నీ పదో తరగతి నుంచీ చూస్తున్నాను.

ముందు చిన్న ప్రశ్నలకు జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. బీపీ మాత్రలు మానలేదు, తమ్ముడు మాననివ్వడు. నువ్వు పంపిన ఉన్ని టోపీ పెట్టుకుంటున్నాను, అందులో నేను అచ్చం దొంగలా ఉన్నానని కోడలు నవ్వుతోంది. ఇక్కడి లైబ్రరీలో ఉన్న తెలుగు పుస్తకాలన్నీ చదివేశాను, ఇప్పుడు మొదటిదాని నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

ఇక పెద్ద ప్రశ్న. బడిలో ఓడ సినిమాల మాట వచ్చిందనీ, మూడో భాగంలో కెప్టెన్ పిల్లకు వాళ్లమ్మ దొరుకుతుందని అమ్ములు చెబితే క్లాసంతా నవ్విందనీ రాశావు. అది ఏడుస్తూ ఇంటికొచ్చి "డిడ్ తాతా లై?" అని అడిగిందట. ముప్పై ఏళ్ల తర్వాత ఆ సినిమా మళ్లీ హాల్లో వేస్తున్నారనీ, ఇరవై రెండో తారీఖు శనివారానికి టికెట్లు తీసుకున్నాననీ, ఈలోగా నిజం చెప్పమనీ అడిగావు. "అసలు మీరు ఆ సినిమా చూశారా నాన్నా, లేక అన్నీ కోతలేనా?" అన్నావు. ఆ మాట మాత్రం గట్టిగా తగిలింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే మాల్‌కు నడకకు వెళ్లాను. చలికాలంలో షాపులు తెరవకముందు మా ముసలివాళ్లం అందరం అక్కడే కదా తిరిగేది. ఒక షాపు అద్దంలో టీషర్టు, దాని మీద ఆ ఓడ బొమ్మ, కింద ఇంగ్లీషులో "మాట్లాడింది ఓడే" అని ఒక్క ముక్క. నాతో నడుస్తున్న జనార్ధనరావు గారు, అదే, గుంటూరు నుంచి వచ్చి నలభై ఏళ్లు ఇక్కడ డాక్టరీ చేసినాయన, నన్ను చూసి నవ్వారు.

"అలా చూస్తున్నారేంటండీ వీరభద్రం గారూ? ఇది తెలియనివాళ్లు కెనడా మొత్తంలో ఎవరున్నారు చెప్పండి! మా మనవడు సినిమా చూడకముందే గుట్టు చెప్పేశాడు. అప్పట్లో మేం హాల్లో నోరెళ్లబెట్టామండీ. ఇప్పుడు కాఫీ కప్పుల మీద కూడా అదే."

"అవునండీ," అని నడిచాను. ఆ రెండు మూడు చుట్లూ ఆయన ఏం చెప్పారో నాకు గుర్తు లేదు.

చూశానమ్మా. మూడు భాగాలూ చూశాను. కాజీపేటలో మెయిల్ పెట్టె ఎక్కితే సికింద్రాబాదు దాకా నిలబడి ఉత్తరాలు విడదీసేవాణ్ణి. తిరుగు బండి సాయంత్రం. మధ్యలో మిగతావాళ్లు రెస్ట్ రూములో పడి నిద్రపోయేవారు, నేను ఇంగ్లీషు సినిమాకు పోయేవాణ్ణి. ఇంగ్లీషు పావు వంతు అర్థమయ్యేది, ముప్పావు వంతు నేనే కల్పించుకునేవాణ్ణి. ఇంటికొచ్చి అన్నాల దగ్గర మీకు చెప్పేవాణ్ణి. అంతరిక్షంలో దారి తప్పిన ఓడ, అందులో ఒంటరిగా మిగిలిన పిల్ల, ఎక్కడో దూరపు గ్రహం నుంచి రేడియోలో వాళ్లమ్మ గొంతు "కుడికి తిప్పు బంగారూ, భయపడకు" అని దారి చెప్పడం. నువ్వు చేయి ఎండిపోయినా కడుక్కోకుండా వినేదానివి. తమ్ముడు పళ్లెం బోర్లించి ఓడ నడిపేవాడు. మీ అమ్మ మీకంటే అన్యాయం, వంటింట్లోంచి "ఆగుండ్రి, ఆగుండ్రి, పోపు మాడుతది, నేనొచ్చినంక చెప్పుండ్రి" అని అరిచేది. ఒక్కో భాగాన్ని మూడు రోజులు సాగదీసేవాణ్ణి. నా బతుకులో అంత బాగా గడిచిన రోజులు మరి లేవు.

మూడో భాగం వచ్చేసరికి అమ్మ హైదరాబాదు ఆస్పత్రిలో ఉంది. మీరిద్దరూ పిన్ని దగ్గర. జబ్బు ఇక నయం కాదని డాక్టరు నాకు ఒక్కడికే చెప్పాడు, నేను ఆమెకు చెప్పలేదు. వచ్చే నెల ఇంటికి పోదాం అని రోజూ చెబుతూ ఉండేవాణ్ణి. ఒక రోజు తనే నన్ను తరిమింది. "ఈడ కూసొని నా మొకం చూసుడు ఎందుకు? ఓడ సినిమా వచ్చిందట కదా, పోయి చూసొచ్చి చెప్పుండ్రి. ఆ పిల్లకు తల్లి దొరికిందో లేదో నాకు తెల్వాలె."

వెళ్లాను. మ్యాట్నీ. జనార్ధనరావు గారు నోరెళ్లబెట్టిన చోటు వచ్చింది. ఓడ ఆ గ్రహం మీద దిగింది. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. ఆ తల్లి మొదటి భాగం మొదలు కాకముందే చనిపోయింది. పిల్ల భయపడకుండా ఉండాలని ఆ ఓడే తల్లి గొంతు నేర్చుకుని అన్నేళ్లూ మాట్లాడింది. హాలంతా ఈలలు, చప్పట్లు. నేను కుర్చీలో కూర్చుని ఏడ్చాను. అంత మందిలో ఎవరూ చూడలేదు.

నడుస్తూ ఆస్పత్రికి వచ్చాను. దారి పొడుగునా ఆలోచించి ఇంకో కథ కట్టాను. మంచం మీద దిండుకు ఆనుకుని, తల దువ్వుకుని కూర్చుని ఉంది మీ అమ్మ. "చెప్పుండ్రి" అంది. చెప్పాను. ఓడ దిగిందనీ, తలుపు తీసేసరికి ఎదురుగా తల్లి నిలబడి ఉందనీ, ఆ గ్రహం నిండా ఆమె నాటిన చెట్లేననీ, అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పాను. నా ముఖమే చూస్తూ ఒక్క మాట అడ్డం రాకుండా విన్నది. చివరికి నా చేయి పట్టుకుని, "మంచిగున్నది. పిల్లలకు గూడ గిట్లనే చెప్పుండ్రి. మార్చకుండ్రి" అంది.

తర్వాత పదకొండు రోజులే ఉంది. పెద్దకర్మ అయిన సాయంత్రం నువ్వే అడిగావు, ఓడ ఏమైంది నాన్నా అని. అమ్మ చెప్పమన్నట్టే చెప్పాను. అప్పుడు తమ్ముడు, "మన అమ్మ గూడ అట్ల ఉంటదా?" అని అడిగాడు. 

ఇంతవరకు నీకు కోపం తగ్గడానికి రాశాను. ఇకపై రాసేది ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పనిది.

అమ్మ పోయిన రోజు వార్డులో సామాను సర్దుతుంటే కాంతం అనే ఆయా దిండు కింద నుంచి మడత పెట్టిన పేపరు తీసి ఇచ్చింది. సినిమా పేజీ. ఓడ సినిమా కథంతా, ఇసుకతో సహా, ఆ వెధవ ఎవడో గుట్టు దాచకుండా పూర్తిగా రాశాడు. తారీఖు చూశాను. నేను మ్యాట్నీకి వెళ్లిన రోజుదే. "మీరు పోయినంక అమ్మ ఇది చదువుకుంట మస్తు ఏడ్సింది సారూ" అంది కాంతం. "మీరొచ్చే యాల్లకు నాతోని నీళ్లు తెప్పించుకొని మొకం కడుక్కుంది, తల దువ్వించుకుంది."

అప్పుడు తెలిసింది నాకు. ఆమెకు సినిమా సంగతే కాదు, తన సంగతి కూడా తెలుసు. నేను ఆ ముగింపు ఎందుకు మార్చి చెప్పానో నా ముఖంలోనే చదువుకుంది. ఆమె బాధపడకూడదని నేను, నేను బాధపడకూడదని ఆమె, ఆ పదకొండు రోజులూ నటించాం. ఒక్క నిజమైన మాట మాట్లాడుకోలేదు. నీకు ఏ చీర ఇవ్వాలో, తమ్ముణ్ణి ఏం చదివించాలో అడగవలసినవి ఎన్నో ఉండేవి. నేను నోరు విప్పి ఉంటే తనూ విప్పేది. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. మీకు చెబితే మీరూ క్షమించరేమోనని దాచాను. ఇప్పుడు హాల్లో ఆ ఇసుక చూసి నీకు తెలియడం కంటే నా చేత్తో రాయడమే న్యాయం అనిపించింది.

అమ్ములును తీసుకుని వెళ్లు. ముందే ఏమీ చెప్పకు, నీ ఒళ్లో కూర్చుని ఏడిస్తే ఏడవనీ. బయటికి వచ్చాక, తాత అబద్ధం చెప్పాడా అని మళ్లీ అడుగుతుంది. చెప్పాడనే చెప్పు. అమ్మమ్మకు చెప్పాడనీ, అబద్ధమని తెలిసి కూడా అమ్మమ్మ దాన్ని నీ కోసం, తమ్ముడి కోసం అడిగి పుచ్చుకుందనీ చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ మాట మార్చకుండా చెప్పిన
నాన్న