నీ మోకాళ్లు, నా చదువు

అమ్మమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సంవత్సరీకం భోజనానికి వచ్చిన పక్కవీధి అంకుల్ ఎప్పటిలాగే నా ముందుకు చెయ్యి చాపి, "డాక్టరమ్మా, కాస్త బీపీ చూడు" అన్నారు. క్లేటన్ యూనివర్సిటీలో బయోమెడికల్ కోర్సులో చేరిన రోజు నుంచీ ఈ పరాయి దేశంలోని మనవాళ్లకు నేను డాక్టర్నే.

"అది మానేశాను అంకుల్. వాటర్ ఇంజినీరింగ్‌కి మారాను."

"పోన్లే, ఇక్కడ సంపాదనలో ప్లంబర్లదే రాజ్యం."

నాకు ఒళ్లు మండింది. నీ మోకాళ్లు బిగుసుకుపోయేలా చేసిన ఫ్లోరైడ్ గురించి మన ఊళ్లో పంచిన కరపత్రాల్లో చదివిందంతా కక్కేశాను. ఏళ్ల తరబడి నీకు మాత్రలిచ్చారే గానీ, నువ్వు తాగే బోరునీళ్లు ఎవరూ మార్చలేదని అరిచాను.

నన్ను డాక్టర్ని చెయ్యాలన్నది అమ్మ కల. నేను కోర్సు మారిన సంగతి తెలిసినప్పటి నుంచీ నాతో మాట్లాడటం లేదు. అప్పుడే వంటింట్లోంచి నీళ్ల గ్లాసుతో వచ్చి, నీ ఫొటో ముందు పెట్టబోతూ ఆగింది.

"ఈ నీళ్లు మంచివేనా, చూసి చెప్పవే" అంది.