మత్తులో విన్న మాటలు

సూర్యాపేట,
9 జులై 2012

ప్రియమైన అన్నకు,

ఫోన్ చేసి ‘ఆపరేషన్’ అనగానే పెట్టేస్తున్నావు. అందుకే రాస్తున్నాను. పిత్తాశయంలో రాళ్లు నీ మొండితనానికి భయపడి కరిగిపోవు. మొన్న నొప్పితో మాంసం కొట్టులోనే కూలబడ్డావట. “జర నువ్వన్న చెప్పు రోజా, నేను చెప్తే గోడకు చెప్పినట్టే ఉన్నది” అని వదిన ఒకటే ఏడుపు. ఇంకోసారి అట్లా అయితే ప్రాణం మీదికి వస్తుందని మా సర్జన్ సారు అన్నారు.

కోదాడలో జరిగిందే మళ్లీ జరుగుతుందని నీ భయం. తొమ్మిదేళ్లయింది అన్నా! కడుపులో పుండు పగిలి, చావుబతుకుల్లో ఉన్నప్పుడు హడావిడిగా చేసిన ఆపరేషన్ అది. మత్తులో కలలు వస్తాయని ఎన్నిసార్లు చెప్పాను? ఇప్పుడు మా దవాఖానకు కొత్త మిషన్ వచ్చింది. నుదుటికి పట్టీ అంటిస్తే మెదడు సంకేతాలు చదివి ఒక అంకె చూపిస్తుంది. మెలకువగా ఉంటే వందకు దగ్గరగా, ఆపరేషన్ వేళకు నలభై, అరవై మధ్య. అంకె పైకి పోతుంటే మత్తు పలచబడుతోందని మాకు తెలుస్తుంది. చూడడానికి మత్తు టెక్నీషియన్‌గా నేనే ఉంటాను. ఇంకేం కావాలి నీకు?

చెప్పి చెప్పి అలిసిపోయిన చెల్లెలు,
రోజా


మిర్యాలగూడ,
16 జులై 2012

చెల్లె రోజాకు అన్న యేసయ్య దీవెనలు.

మళ్లీ ‘కల’ అనే రాశావు. ఇది చదివి, అప్పుడు చెప్పు.

ఆ రోజు నాకు రెప్ప కూడా కదల్లేదు. కడుపులో చెయ్యి తిరుగుతుంటే తెలుస్తూనే ఉంది. సర్జన్ గారు మత్తు డాక్టరుతో అంటున్నాడు: “ఆదివారం పెద్దకూర తెప్పించానండీ. పది విజిల్స్ వచ్చినా ఉడకలేదు. ముసలి దున్నని కోసి లేతదని అంటగట్టారు.” ఆయన నవ్వాడు.

ముసలి పశువు మాంసంలో నారలు గట్టిపడి ఉంటాయి. పెద్ద మంట మీద పది విజిళ్లు కాదు, సన్నని సెగ మీద గంటల తరబడి ఉడకాలి. కోసిన పూటే వండితే ఇంకా బిగుస్తుంది, ఒక రోజు చల్లగా ఉంచాలి. ఇరవై ఏళ్లుగా మాంసం కొట్టేవాణ్ని, ఇంతమాత్రం తెలియదా? కలే అయితే, నా కలలో నేను కూర చెడగొట్టుకుంటానా?

అరుద్దామంటే గొంతు లేదు. తర్వాత ఆరు నెలలు వెల్లకిలా పడుకోలేకపోయాను. కాళ్లు కట్టిన పశువు కళ్లలోకి చూడలేక కోసే పని మానేశాను. ఇప్పుడు కోసి తెచ్చిన మాంసమే అమ్ముతున్నాను. ఎందుకు మానేశానో మీ వదిన రాజమ్మకు చెబితే, “గది కలనే అని మీ చెల్లెనే చెప్పింది గద, ఇగ ఊకో” అని కొట్టిపారేసింది.

నీ అంకెలు నాకొద్దు.

అన్న,
యేసయ్య


సూర్యాపేట,
7 ఆగస్టు 2012

ప్రియమైన అన్నకు,

ఇరవై రోజులు జవాబు రాయలేదు. తీరిక లేక కాదు.

నువ్వు విన్నది నిజం. ఆ గదిలో నేనూ ఉన్నాను. పని నేర్చుకుంటూ నాలుగో నెల. మత్తు ఆవిరి మందు సీసాలో ఉందో లేదో చూసుకోవడం నా పని. బల్ల మీద నిన్ను చూసి చేతులాడక, చూడలేదు. నీ కంటి చివర నీళ్లు కనబడితే, “సార్, కండ్లల్ల నీళ్లొస్తున్నయ్” అన్నాను. “అది మామూలేనమ్మా” అన్నారు మత్తు డాక్టరు. సీసా చూస్తే ఖాళీ. ఎవరికీ చెప్పకుండా నింపేశాను. ఒళ్లు కదలకుండా వేరే మందు ఇస్తారు, అందుకే నువ్వు కదల్లేకపోయావు.

విన్నదంతా నిజమేనా అని వారం తర్వాత నువ్వు అడిగావు. ఉద్యోగం పోతుందని ‘కల’ అన్నాను. ఒకసారి అన్నాక ప్రతిసారీ అదే అనాల్సి వచ్చింది.

నిన్న మా మత్తు డాక్టరమ్మకు అంతా చెప్పాను. “ఒకసారి మెలకువ వచ్చిన మనిషికి మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఇది దాచి అన్నను పిలుచుకొస్తవా? మిషనుందని ధైర్యమా?” అని తిట్టింది. నీ ఆపరేషన్‌కు ఆవిడే మొదటినుంచి చివరిదాకా తలదగ్గర కూర్చుంటానంది. నన్ను లోపలికి రావద్దంటే రాను. నువ్వు మాత్రం రా.

రోజా


మిర్యాలగూడ,
13 ఆగస్టు 2012

చెల్లె రోజాకు,

నువ్వు ఆ గదిలో ఉన్నావని నాకు తెలుసు. “కండ్లల్ల నీళ్లొస్తున్నయ్” అన్న గొంతు విన్నాను. అంతమందిలో నేను బతికున్నానని పట్టించుకున్నది నువ్వొక్కదానివే. కాసేపటికే నిద్ర వచ్చింది.

సీసా సంగతి మాత్రం తెలియదు. కానీ పంతొమ్మిదేళ్ల పిల్లవు, అన్నను బల్ల మీద చూశాక సీసా ఎక్కడ గుర్తుంటుంది? దానికి నాకు కోపం లేదు. చూసింది నువ్వు, విన్నది నువ్వు. నువ్వే కల అన్నావు. ఇంట్లో నాకు పిచ్చి అన్నారు, నువ్వు ఊరుకున్నావు. కోపం దానికి.

ఆపరేషన్ వద్దన్నది సగం భయంతోనే. మిగతా సగం, విసిగిస్తే అయినా నీ నోటి నుంచి నిజం వస్తుందని. తొమ్మిదేళ్లు పట్టింది. నాకంటే మొండిదానివి.

గురువారం పొద్దున బస్సుకు వస్తున్నాం. రాజమ్మకు నేనేం చెప్పలేదు. నా ఎదుటే నువ్వు చెప్పు. తిడుతుంది, పడాలి. అది తిట్టడం అయిపోయాక, నన్ను లోపలికి నువ్వే తోలుకపో.

మీ అన్న,
యేసయ్య