పట్టని ర్యామ్

ఐలేశ్,

నువ్వు బాయి కాడ మోటరు చూసి వచ్చేసరికి నేను హైదరాబాద్ బండిలో ఉంటాను. కుక్కర్‌లో అన్నం ఉంది. కంప్యూటర్‌లో ఆ ర్యామ్‌ను మళ్లీ నొక్కొద్దు. బోర్డు డీడీఆర్ 4 రకం మెమరీకి, నువ్వు తెచ్చిన ర్యామ్ డీడీఆర్ 5 రకం. వాటి గాడి కలవదు, బలవంతం చేస్తే బోర్డే విరుగుతుంది. నాకిష్టమని కంప్యూటర్‌కు నీలం లైట్ల పెట్టె ఎంచావు, అది బాగుంది.

ర్యామ్‌ను దుకాణతను వాపసు తీసుకోడు. అత్తమ్మ దానికి తడి పసుపు, కుంకుమ పెట్టింది. "కొత్త సామానుకు బొట్టు పెట్టకుంట ఎట్ల బిడ్డా" అంది. ఆమెను ఏమీ అనకు. బొట్టు లేకపోయినా అది పట్టేది కాదు.

రేపు పొద్దున తొమ్మిదికి కంప్యూటర్ నడిస్తేనే ఆఫీసు వాళ్లు నన్ను జనగామ నుంచి పని చేయనిస్తామన్నారు. ఆదివారం కదా, దుకాణం మూసుంది. ఇక నేను హైదరాబాద్‌లో నా హాస్టల్ గదికే.

"నాకు తెల్వకనే గిట్లయింది" అని పొద్దుటి నుంచి నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావు. అది చూడలేక నువ్వు రాకముందే పోతున్నాను.

గురువారం దుకాణం నుంచి ఫొటోలు పంపి "గిది మన బోర్డుకు పడ్తదా, జర చూసి చెప్పు" అని అడిగావు. బోర్డు మీద నాలుగు, ర్యామ్ మీద అయిదు నాకు స్పష్టంగా కనిపించాయి. అయినా పడుతుందని రాశాను. ఆ హాస్టల్ గది ఖాళీ చేయాలని నాకు లేదేమో.

రజిత

ఫోన్‌లో అడిగితే పొరపాటున అలా రాశానని చెప్తాను. అందుకే నిజం ఇక్కడ రాసిపెట్టాను.