నేరెళ్లపాడు జంక్షన్ చరిత్ర ఫలకంలో పదకొండో పంక్తి

నేరెళ్లపాడు,
బుధవారం.

డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నేరెళ్లపాడు జంక్షన్ కొత్త భవనం గోడకు బిగించిన చరిత్ర ఫలకంలో పదకొండో పంక్తిని శుక్రవారం ఆవిష్కరణకు ముందే సరిచేయించవలసినదిగా కోరుట గురించి.

సదరు స్టేషనులో 1981 నుండి పదమూడేళ్లు స్టేషన్ మాస్టరుగా పనిచేసిన నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. మొదటి పది పంక్తులు సక్రమముగా ఉన్నవి. 1916లో పత్తి మిల్లుల కొరకు మీటరు గేజి లైను వేయుట, 1931లో మరో రైలు మార్గము వచ్చి కలిసి జంక్షన్ అగుట వాస్తవము. మంచినీళ్ల బావి తవ్వించినది మాత్రం రైల్వే కాదు, మిరపకాయల వర్తకులు. దానికి తొందర లేదు.

2. పదకొండో పంక్తి ఇట్లున్నది: “1987 మార్చిలో పాయింట్స్‌మన్ హుస్సేన్ సాహెబ్ నిర్లక్ష్యం వల్ల గూడ్సు బండి ఆగి ఉన్న వ్యాగన్లను ఢీకొన్నది.” ఇది అసత్యము.

3. స్టేషనులోని మూడో లైనుకు బండ్లు అరుదుగా వచ్చుటచేత, మార్చి నెలలో రైతులు ఆ పట్టాల మధ్య మిరపకాయలు ఆరబోసుకొనుట నేను రాకముందు నుండీ ఆనవాయితీ. గూడ్సు వస్తున్నదని గంట కొట్టగానే ఆడవాళ్లు పావుగంటలో కాయలు ఎత్తేసేవారు. ఇందుకు ప్రతి కల్లం నుండీ స్టేషన్ మాస్టరుకు ఒక బుట్ట కాయలు ముట్టేవి. ఆ రోజు వాళ్లంతా పక్క ఊళ్లో పెళ్లికి పోయారు. గంట కొట్టినా ఒక్కరూ రాలేదు. కాయల మీదుగా బండిని పోనివ్వడానికి నాకు మనసొప్పలేదు. బండి రెండో లైనుకు మళ్లేలా పాయింటు వేయమని హుస్సేన్ సాహెబుకు నోటిమాటగా చెప్పాను. “రెండులో డబ్బాలున్నాయి గదయ్యా” అన్నాడు అతను. ఆ వ్యాగన్లను పొద్దున్నే లాగేశారు, చెప్పింది చెయ్యమని కసిరాను. నిజానికి లాగలేదు. బండి పోయి వాటిని గుద్దింది. ఇంజను డ్రైవరు కాలు విరిగింది.

4. విచారణలో నేను మూడో లైనే చెప్పానని వాంగ్మూలం ఇచ్చాను. నోటిమాటకు సాక్ష్యం లేదు గనుక నన్నే నమ్మారు. అతని ఉద్యోగం పోయింది. ఇరవై ఏళ్లు మిరప యార్డులో బస్తాలు మోసి, నాలుగేళ్ల కిందట చనిపోయాడు. బజారులో ఎదురుపడితే బాగున్నారా అని పలకరించేవాడు. అంతకంటే చెప్పుతో కొట్టినా బాగుండేది. నాకు ఇద్దరు పిల్లలు, ఉద్యోగం పోతుందన్న భయం. ఇంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ ఏడు కూడా మా ఇంట్లో ఆ కాయల కారమే తిన్నాం.

5. మొన్న సోమవారం, ఫలకానికి ఇంకా గుడ్డ కప్పకముందు, హుస్సేన్ సాహెబ్ భార్య చాంద్‌బీ నన్ను అక్కడికి తీసుకుపోయింది. ఆమెకు చదువు రాదు. ఆయన పేరు ఎక్కిందంటున్నారు, ఏం రాశారో చదివి పెట్టమన్నది. నమ్మకంగా పనిచేసిన పాయింట్స్‌మన్ అని రాశారని చెప్పాను. అయ్యా, ఆమె ఆ రాయిని రెండు చేతులతో తడుముకుని ఏడ్చింది. శుక్రవారానికి చుట్టాలందరినీ పిలుచుకున్నది. డిగ్రీ చదివే మనవరాలు ఫిజా కూడా వస్తున్నది. ఆ పిల్లకు చదవడం వచ్చు.

6. కావున సదరు పంక్తిలో హుస్సేన్ సాహెబ్ పేరు తొలగించి, ‘స్టేషన్ మాస్టర్ నాగేంద్రబాబు తప్పుడు ఆదేశం వల్ల’ అని చెక్కించవలెను. ఒక్క పూట చాలని రాతిపని మేస్త్రీ చెప్పాడు. చేతిలో రేపటి గురువారం ఒక్కటే ఉన్నది. నా పింఛను ఆపినా అభ్యంతరం లేదు.

దీనిని ఫిర్యాదుగా గాక, తప్పు చేసినవాడి ఒప్పుకోలుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆలపాటి నాగేంద్రబాబు

తా.క.: కవరు అంటించబోతూ ఆగి, చాంద్‌బీ ఇంటికి పోయి అంతా చెప్పేశాను. ఆమె, “ఆయన పేరు తీసెయ్యమాకండి, ఉండనీండి. శుక్రవారం అందరి ముందూ ఆడ ఏం రాసుందో, ఏం జరిగిందో, రెండూ మీరే చదవండి” అన్నది. సరేనన్నాను. కనుక ఆరో అంశంలో పేరు తొలగించమన్న మాట ఉపసంహరించుకుంటున్నాను. తమరు రాయి మార్పించినా, మార్పించకపోయినా, శుక్రవారం పది గంటలకు నేను ఆ గోడ ముందు నిలబడి గట్టిగా చదువుతాను. ఆపదలిస్తే పోలీసులను పెట్టుకోండి. నేను మాత్రం ఆమెకు మాట ఇచ్చి వచ్చాను.