చిక్కటి నీళ్ళు

పులివెందుల,
12 నవంబరు 2024.

రమణమ్మ వదిన గారికి,

నమస్కారాలు. అన్న మోకాళ్ళ నొప్పి తగ్గి ఉంటుందనుకుంటాను. నేను బాగానే తిరుగుతున్నాను. మీరు ఇచ్చి పంపిన జొన్నలు అందాయి.

అసలు సంగతికి వస్తాను. ప్రసూన దివసాల రోజున భోజనాల దగ్గర మీరు, "నా చెల్లెలు గుక్కెడు నీళ్ళకు మొగం వాచి పాయ" అన్నారు. పదిమందీ విన్నారు. నేను పెరట్లో చేతులు కడుక్కుంటూ విన్నాను. తోడబుట్టినదాన్ని పోగొట్టుకున్న మనిషి మాట అనుకుని ఊరుకున్నాను. కానీ అదే మాట కడపకు ఫోను చేసి మా ప్రియదర్శినికి కూడా చెప్పారు. నా కూతురు నన్ను, "నాయనా, అమ్మకు నీళ్ళు ఈకుండా ఎండబెట్టినావంట, నిజమేనా" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. తర్వాత ఆమె ఫోను చేయలేదు. నేను చేస్తే అల్లుడు తీసి, స్కూల్లో ఉంది మామా అంటాడు. మొన్న ఆదివారం కూడా స్కూల్లోనే ఉంది.

నాకున్నది ఆమె ఒక్కతే. అందుకే ఈ ఉత్తరం.

పక్షవాతం వచ్చాక ప్రసూనకు మాటతో పాటు మింగడం కూడా చెడింది. ప్రొద్దుటూరు స్పీచ్ థెరపిస్టు నౌషీన్ మొదటి రోజే హెచ్చరించింది. నీళ్ళు పలచగా ఉండి త్వరగా జారిపోతాయి, గొంతు మూసుకునే లోపలే దారి తప్పి ఊపిరితిత్తుల్లో పడతాయి, అందుకని పొడి కలిపి గంజిలా చిక్కగా చేసి, గడ్డం కిందికి వంచి చెంచాతో పట్టాలి అంది. ఇదంతా మీకు చెప్పాను. మీరు గిన్నెలోకి తొంగి చూసి, "ఏందప్పా ఇది, గోడకు పోస్టరు అంటించేదానికా" అన్నారు. ప్రసూన కూడా నవ్వింది, సగం మూతితో. నేనూ నవ్వాను. మీరు తమాషాకు అన్నారనుకున్నాను. పోయేటప్పుడు వాకిట్లో చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "కుక్కకైనా ఇన్ని మంచినీళ్ళు పెడ్తారు గదప్పా ఈ ఎండలకు" అన్నారు. అది తమాషా కాదు.

మాట కోసం ముద్దనూరు మీదుగా ప్రొద్దుటూరుకు తిరిగాం. నౌషీన్ ఆమెను అద్దం ముందు కూర్చోబెట్టేది. ప్రసూన ఎడమ చేత్తో బల్ల మీద తడుతూ, తట్టుకొక అక్షరం చొప్పున పలకాలి. ఏ మాటతో మొదలుపెడదామని నౌషీన్ అడిగితే, ప్రసూన పక్కనున్న నీళ్ళ సీసా వైపు చూపించింది. నాలుక వెనక్కి మడతపడక 'ళ్ళ' వచ్చేది కాదు. 'నీయు' అనేది. చాలా రోజులకు 'నీలు' అయింది. నౌషీన్ సంతోషపడి, "ఇంక సాలు సార్, ఎవురికైనా తెలుస్తాది" అంది. ప్రసూన అడిగినప్పుడల్లా చిక్కటి నీళ్ళు పట్టేవాణ్ణి. ఆమె మొహం తిప్పుకునేది. కావలసింది అది కాదని నాకు తెలుసు. అయినా పట్టేవాణ్ణి.

ఆ ఆదివారం మీరు వచ్చారు. పొడి అయిపోతే మెడికల్ షాపుకు పోయాను. తిరిగి వచ్చేసరికి ప్రసూన దగ్గుతోంది. మీ చేతిలో ఖాళీ గ్లాసు. మీరు నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. "నోరు తెరిచి అడిగెనప్పా. శానా దినాలకు నా చెల్లెలు మాట్లాడె. పోయకుండా ఎట్లుంటా" అన్నారు. సాయంత్రానికి జ్వరం. ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయి నిమోనియా అయిందన్నారు. తర్వాతది మీకు తెలుసు.

మీరు ప్రేమతోనే పోశారు. ఒప్పుకుంటాను. దానివల్ల నాకేమీ తేలిక కాలేదు. ప్రేమతో పోసిన మనిషి, పోయనివాణ్ణి దోషిని చేసి ఊరూరా చెప్పడమే నాకు మింగుడుపడదు.

నేను కోరేది ఒక్కటే. ఆ రోజు జరిగింది మీ నోటితో ప్రియదర్శినికి చెప్పండి. బంధువులకు అక్కరలేదు. వాళ్ళేమనుకున్నా నేను వాళ్ళ ఇళ్ళకు భోజనానికి పోను.

అన్నను అడిగానని చెప్పండి.

ఇట్లు,
ఓబుళరెడ్డి

తా.క. కూతురికి నేనే చెప్పుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. చెప్పలేను. ఆసుపత్రిలో మీరు మందుల కోసం కిందికి పోయినప్పుడు, పలచటి నీళ్ళు ఎవరు పోశారని డాక్టరు నన్ను గట్టిగానే అడిగాడు. మీ పేరు చెప్పడానికి నోరు తెరిచాను. ప్రసూన ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి, "నేనే" అంది. ఎవరూ నేర్పని మాట. ఒక పక్కకు ఒత్తిగిల్లడం కూడా చేతకాని మనిషి. డాక్టరు నా వైపు చూసి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఆమె ఇంకేమీ మాట్లాడలేదు. అన్నాళ్ళు పక్కన కూర్చున్న నాకు ఒక్క మాట మిగల్చలేదు. ఉన్నది మీకోసం వాడేసింది. అది అబద్ధమని నేను అనను. మీరు అనాలి.