మేలుకొని ఉండే మనిషి

రాజపాళయం,
16-7-2025, బుధవారం.

చెల్లి ఆనందికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, అక్కడ నువ్వూ మరిదిగారూ బాగున్నారని నమ్ముతాను. మా చర్చివాళ్ళు ఉత్తరాన్ని ప్రభువు నామంతో మొదలుపెడతారు. అలా రాస్తే నువ్వు మొదటి వరుసలోనే చింపేస్తావని నాన్న పద్ధతిలో రాస్తున్నాను. నేను బాప్తిస్మం తీసుకున్నాననీ, అమ్మ కర్మలప్పుడు దూరంగా నిలబడ్డాననీ నాతో మాట మానేశావు. ఉత్తరం చదవనని మాత్రం ఒట్టు పెట్టుకోలేదు కదా.

సంగతేమిటంటే, పాస్టర్ నాకో పని అప్పగించాడు. వయసు పిల్లలకు ఆదివారం కూటం మొదలుపెట్టాలట. ఇక్కడ వాలిబర్ కూట్టం అంటారు. అక్కా, ఇంట్లో మీకోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు కదా, మీకైతే కష్టం కాదు అని కమిటీలో అందరి ముందూ అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, కానీ ముల్లు గుచ్చుకున్నట్టయింది. నిజమే మరి. టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను పాలవాడితో తప్ప ఎవరితో మాట్లాడుతున్నాను?

మొదటి ఆదివారం చర్చి హాల్లో చాపలు పరిచి, బజ్జీలు వేయించి కూర్చున్నాను. ఒక్క పిల్లా రాలేదు. ఊళ్ళో పిల్లలకు ట్యూషన్లు, క్రికెట్, ఫోన్లు. ఆ బజ్జీలు రాత్రికీ మర్నాటికీ నేనే తిన్నాను. ప్రార్థన చేయండి అన్నాడు పాస్టర్. చేశాను, కోపంగానే.

తర్వాత మిల్లు హాస్టలు అమ్మాయిలు వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం చర్చికి అని చెబితే వార్డెన్ బయటికి వదులుతుంది. అందులో ధనం అనే పిల్లది సాత్తూరు వైపు, ఇంట్లో మన తెలుగే. నేను పాటల పుస్తకం తెరిచేసరికి, పెద్దమ్మా, నైట్ షిఫ్ట్ దిగి వచ్చినాము, పాట అప్పరం పాడుతాము, ఇప్పుడు రవ్వంత పండుకోనియ్యండి అన్నది. ఫ్యాన్లు వేసి తలుపు దగ్గరికి వేశాను. ఇక ప్రతివారం అదే నా సేవ. నిద్రపోతారు, లేచి టీ తాగుతారు, ఒక పాట పాడి, ఇళ్ళకు ఫోన్లు చేసుకుని వెళ్తారు. ఏ విషయం బోధించారని పాస్టర్ అడిగితే విశ్రాంతి గురించి అన్నాను. అబద్ధమేమీ కాదు.

పోయిన ఆదివారం వాళ్ళ ఊపిర్లు వింటూ కూర్చున్నాను. నేనున్న గదిలో ఇంకొకరు నిద్రపోయి ఎన్నేళ్ళయిందో. ఇంట్లో ఎంత పొర్లినా రాని నిద్ర అక్కడ గోడకు ఆనుకోగానే వచ్చేసింది. కళ్ళు తెరిచేసరికి దీపాలు పెట్టే వేళ. పిల్లలు చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తారు. వార్డెన్ నన్ను పిలిపించి, మేలుకొని ఉండే ఆడమనిషి ఇంకొకరు తోడుంటేనే పంపుతాను, లేకపోతే ఈ ఆదివారంనుంచి ఎవరూ గేటు దాటరు అంది.

చర్చిలో అందరినీ అడిగాను. ఆదివారం మధ్యాహ్నం ఎవరి ఇల్లు వారికి ఉంది. పెద్దమ్మా, తోడుండే ఆళ్ దొరికినారా అని ధనం ఫోన్ చేస్తూనే ఉంది. నా దగ్గర జవాబు లేదు.

నీకు చిన్నప్పటినుంచీ పగటి నిద్ర లేదు. అమ్మ ఎంత జోకొట్టినా కళ్ళు గుండ్రంగా తెరుచుకుని చూసేదానివి. ప్రార్థన చేయనక్కరలేదు, బొట్టు తీయనక్కరలేదు. కుర్చీలో కూర్చుని, అయిదింటికి మమ్మల్ని లేపితే చాలు.

ఇట్లు,
నీ అక్క,
ఎస్. సరోజాదేవి

తా.క.: ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ ఈ మర్యాదలేమిటని నవ్వుకుంటావు. పొద్దున నీ మిక్సీ చప్పుడు విన్నాకే నేను కాఫీ కలుపుకుంటాను. ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుంది. జవాబు లేదని పైన రాసింది నిజం కాదు. మా చెల్లెలు వస్తుందని వార్డెన్‌తో నిన్ననే చెప్పేశాను. వేరే పేరు నోటికి రాలేదు. మీరు మాట్లాడుకుంటారా అని ఆమె అడగలేదు, అక్కచెల్లెళ్ళను ఎవరడుగుతారు. ఆదివారం భోజనాలయ్యాక గోడ మీద తడతాను. నువ్వేమీ మాట్లాడనక్కరలేదు, చెప్పులేసుకుని వాకిట్లోకి రా.