గుండె దడ లేని కాఫీ

మేనల్లుడు ముత్తప్పకు, మత్తూరు నుంచి మామ ఆశీర్వాదం.

అక్షరాలు వంకరగా పడినాయి. తప్పులుంటే సరిచేసుకొని చదువుకో నాయనా.

కాఫీ తాగితే మీ అత్తకు గుండె దడ ఎక్కువవుతుందని కృష్ణగిరి డాక్టరు చెప్పినాడు. ఆమె అన్నం వద్దంటుంది, కాఫీ మాత్రం అడుగుతుంది. అందుకని, సారం తక్కువ దిగితే దడ రాదనుకొని, చేతి మిషనులో గింజలు రవ్వగా ఆడించి, వేడినీళ్ళు పోసి వెంటనే వడకట్టి ఇచ్చినాను. ఒక గుక్క తాగి, "ఏమప్పా, లోటా కడిగిన నీళ్ళా ఇవి?" అని నవ్వింది.

నాకు మనసు ఒప్పలేదు. మరునాడు మెత్తగా ఆడించి, పొడితోనే బాగా మరిగించినాను. వాసన పోయి చేదు మిగిలింది. ఆ పూటంతా ఆమె గుండె పట్టుకొని కూర్చుంది.

అప్పటి నుంచి కాఫీ కూడా అడగడం లేదు. అదే నాకు భయంగా ఉంది.

నువ్వు బెంగళూరులో కాఫీ పరీక్ష చేసే ఆఫీసులో ఉన్నావు కదా. వాసన దిగాలి, దడ పుట్టించేది దిగకూడదు. పొడి ఎట్ల ఆడించాలి, నీళ్ళలో ఎంతసేపు ఉంచాలి? అట్లాంటి దారి లేకుంటే లేదనే రాయి. అప్పుడు ఒక్క లోటా మంచి కాఫీ ఎట్ల చెయ్యాలో రాయి. ఈసారి ఆమె అడగకున్నా నేనే ఇస్తాను.

జవాబు తొందరగా వెయ్యప్పా.

మీ మామ